బాకీల వరుసలో చెఱకు రైతు

2021 నవంబరు మొదటి వారమున, దీపావళి రేపో మాపో అనగా, అప్పటి విజయనగరము జిల్లా సీతానగరము మండలములోని లచ్చయ్యపేట వద్ద చెఱకు రైతులు రహదారిపై బైఠాయించిరి. అచ్చటి ఎన్‌.సి.ఎస్‌. చక్కెర కర్మాగారమునకు 2019-20, 2020-21 సీజన్లలో తాము తోలిన చెఱకునకు 16 కోట్ల రూపాయలకు పైబడిన సొమ్ము రావలసియుండగా, పంట తరువాత పంట గడచినను అది చేతికందకుండుటచే వారు రోడ్డెక్కవలసివచ్చినది. పోలీసులకును వారికిని జరిగిన ఘర్షణ ఆనాటి పత్రికలలో ప్రముఖముగా వెలువడినది. పిమ్మట జిల్లా యంత్రాంగము రెవెన్యూ రికవరీ చట్టమును ప్రయోగించి, కర్మాగారపు గోదాములలోని చక్కెర నిల్వలను, సంస్థకు చెందిన భూములను అమ్మి బకాయి తీర్చు మార్గమును పట్టినది. ఆలస్యముగానే యైనను, కష్టముతోనే యైనను, ఆ రైతుల చేతిలో ఒక ఆయుధము మాత్రము మిగిలియుండినది. అది భూమిశిస్తు బకాయివలె తమ సొమ్మును వసూలు చేయింపుమని కలెక్టరును కోరు హక్కు.

అదే సమయమున, ఏ బ్యాంకో ఆ సంస్థ తనకు అప్పు ఎగవేసినదని జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌లో అర్జీ దాఖలు చేసి, ఆ అర్జీ స్వీకరింపబడియుండినచో ఏమి జరిగెడిది? స్వీకరించిన దినముననే మారటోరియం అమలులోనికి వచ్చును. దివాలా స్మృతి 14వ సెక్షను ప్రకారము ఆ క్షణమునుండి ఏ న్యాయస్థానపు డిక్రీయు, ఏ అధికారి ఉత్తరువును ఆ సంస్థ ఆస్తులపై అమలు జరుగరాదు. కలెక్టరు వేలముపాట ఆగిపోవును. గోదాములోని బస్తాలు ప్రక్రియను నడపు పరిష్కార నిపుణుని స్వాధీనమగును. చెఱకు రైతు తన బకాయికి సంబంధించిన కాగితములు జతపరచి, ఒక నిర్ణీత ఫారములో క్లెయిము దాఖలు చేసి, తనకంటె ముందున్నవారందఱును తీసికొనగా మిగిలినదేమైన ఉన్నచో దానికొఱకు ఎదురుచూచుచు కూర్చుండవలయును. ఉత్తరాంధ్రమునందలి పల్లెలకు దివాలా చట్టము యొక్క అసలు ప్రశ్న ఇదియే యని నా దృఢ విశ్వాసము. నగరములలో ఈ చట్టమును గూర్చి జరుగు చర్చలన్నియు బ్యాంకులు ఎంత రాబట్టినవి, ఎంత కోల్పోయినవి అను లెక్కచుట్టునే తిరుగుచున్నవి. తాకట్టే లేకుండ అప్పిచ్చినవాడు, అనగా పంటను నమ్మకముమీద తోలిన రైతు, వరుసలో ఎక్కడ నిలిచెనో అడుగువారు అరుదు.

చట్టమును నిందించుట నా ఉద్దేశము కాదని ముందుగనే మనవి చేయుచున్నాను. 2016 మే నెలలో పార్లమెంటు ఆమోదించిన ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్ట్సీ కోడ్, అనగా ఈ దివాలా స్మృతి, అంతకు పూర్వమున్న దుఃస్థితితో పోల్చిచూచినచో, నిస్సంశయముగా గొప్ప సంస్కరణము. 1985 నాటి రుగ్ణ పరిశ్రమల చట్టము క్రింద బి.ఐ.ఎఫ్‌.ఆర్‌. అను బోర్డుకు ఒకమారు దరఖాస్తు పెట్టుకొన్న సంస్థ, అప్పులవారెవ్వరును తనను తాకలేని కవచమును ధరించి, ఏండ్ల తరబడి అందులోనే తలదాచుకొనెడిది. యంత్రములు తుప్పుపట్టెడివి, కార్మికులు చెదరిపోయెడివారు, యజమాని మాత్రము పదవి వీడెడివాడు కాడు. అప్పు తీర్చలేనివాడు అధికార పీఠమును వీడవలెనను సూత్రమును క్రొత్త స్మృతి స్థాపించినది. 180 దినములు, అవసరమైనచో మరి 90 దినములు, వ్యాజ్యములతో కలిపి 330 దినములకు మించరాదని కాలపరిమితిని విధించినది. ఆ పరిమితి పెక్కు వ్యవహారములలో దాటిపోవుచున్న మాట నిజమే; కాని గడువే లేని దుస్థితికంటె మీఱబడిన గడువు మేలు.

పైగా ఈ సూత్రము మన ప్రాంతమునకు క్రొత్తదియును గాదు. 1827లో విజయనగర సంస్థానాధీశులైన నారాయణ గజపతిరాజుగారు ఋణభారముచే తమ ఎస్టేటు నిర్వహణమును కంపెనీ ప్రభుత్వమువారికి అప్పగించి కాశీక్షేత్రమునకు తరలిపోయి, 1845లో అక్కడనే దివంగతులైరి. ప్రభుత్వాధికారుల నిర్వహణములో అప్పులు తీరిన పిమ్మట 1852లో వారి కుమారులు విజయరామ గజపతిరాజుగారు సంస్థానమును తిరిగి స్వీకరించిరి. ఋణగ్రస్తుని చేతినుండి నిర్వహణమును తప్పించి, ఆస్తిని ముక్కలు కానీయక నడిపి, బాకీలు తీర్చి మరల నిలబెట్టుట అను ఆ పద్ధతికిని, నేడు న్యాయవాదులు పునర్వ్యవస్థీకరణమని వ్యవహరించు దానికిని సారమునందు పెద్ద భేదము లేదు. భేదమల్లా అప్పుల వరుసలో ఎవరిని ముందుంచవలెను, ఎవరిని వెనుకకు నెట్టవలెను అను విషయముననే కలదు.

ఆ వరుసను స్మృతి 53వ సెక్షను నిర్ణయించినది. సంస్థను అమ్మి పంచవలసివచ్చినప్పుడు మొదట ప్రక్రియకైన ఖర్చులు, అనగా నిపుణుల ఫీజులు మున్నగునవి; తరువాత సమాన స్థాయిలో కార్మికుల ఇరువదినాలుగు నెలల బకాయిలును, తాకట్టు గల రుణదాతల సొమ్మును; మూడవది ఇతర ఉద్యోగుల పండ్రెండు నెలల జీతములు; నాలుగవది తాకట్టు లేని ఆర్థిక రుణములు; అయిదవది ప్రభుత్వ బకాయిలు; ఇవన్నియు తీరిన పిమ్మట, ఆఱవ మెట్టుపై, 'మిగిలిన అప్పులు' అను ముద్దపేరుతో సరకులు సరఫరా చేసినవారందఱును నిలుతురు. చక్కెర కర్మాగారమునకు చెఱకు తోలిన రైతు, ఆ కర్మాగారమునకు కుర్చీలమ్మిన వ్యాపారి, ప్రకటనలు వేసిన సంస్థ, అందఱును ఒక్కటే. సంస్థ విక్రయింపబడక పరిష్కార ప్రణాళిక ద్వారా నడచినప్పుడును సరఫరాదారులైన ఈ 'నిర్వహణ రుణదాతల'కు చట్టము హామీ యిచ్చునది, ఆ వరుసలో వారికి దక్కెడు మొత్తమునకు తగ్గకుండ ఇవ్వవలెనని మాత్రమే. ఆఱవ మెట్టువఱకు సొమ్ము దిగిరానప్పుడు ఆ హామీ విలువ సున్న.

ఎంత సొమ్ము దిగివచ్చునో చెప్పుటకు మన పొరుగుననే ప్రథమోదాహరణము కలదు. దివాలా స్మృతి క్రింద దేశమంతటిలో మొట్టమొదట ఆమోదము పొందిన పరిష్కార ప్రణాళిక విశాఖపట్టణమునందలి సినర్జీస్–డూరే ఆటోమోటివ్ సంస్థది. 2017 ఆగస్టు 2న ట్రిబ్యునల్ హైదరాబాదు ధర్మాసనము దానిని ఆమోదించినది. కార్లకు అల్లాయ్ చక్రములు చేయు ఆ సంస్థ చెల్లింపవలసిన బాకీ సుమారు 972 కోట్లు. ప్రణాళిక క్రింద రుణదాతలకు దక్కినది సుమారు 54 కోట్లు. సంస్థను చేజిక్కించుకొన్నది దాని సంబంధిత సంస్థయే. ఒక రుణదాత సంస్థ ఈ ఏర్పాటును సవాలుచేసి అప్పిలేటు ట్రిబ్యునల్‌వఱకు పోయి విఫలమైనది. అదే యేడు నవంబరులో, ఎగవేసినవారే దొడ్డిదారిన తమ సంస్థను చౌకగా తిరిగి కొనరాదని 29ఎ సెక్షనును ఆర్డినెన్సు ద్వారా చేర్చిరి. అది మంచి సవరణ. అయినను 100 రూపాయల బాకీలో ఆఱు రూపాయలు వచ్చిన చోట ఆఱవ మెట్టుపై నిలిచినవాని గతి ఏమో వేఱుగ చెప్పవలసిన పనిలేదు. దేశవ్యాప్తముగా 2025 మార్చి నాటికి పరిష్కృతమైన సంస్థలలో రుణదాతలు రాబట్టినది ఒప్పుకొన్న బాకీలలో సుమారు మూడవ వంతు. అదియు అందఱినీ కలిపి తీసిన సగటు.

బ్యాంకులవంటి ఆర్థిక రుణదాతలకును, నిర్వహణ రుణదాతలకును నడుమ ఇంతటి భేదమును న్యాయస్థానములు సమర్థించినవి. స్విస్ రిబ్బన్స్ వ్యాజ్యమున 2019 జనవరి 25న సర్వోన్నత న్యాయస్థానము, ఆర్థిక రుణదాత మొదటినుండియు సంస్థ యొక్క యోగ్యతను పరీక్షించి, దాని ఆర్థిక స్థితిని గమనించుచు, అది తూలినప్పుడు సరిదిద్దగలవాడగుటచే, అతనికి ప్రత్యేక స్థానమిచ్చుట సహేతుకమేయని తీర్పు చెప్పినది. తర్కముగా చూచినచో ఇది బలమైన మాట. కాని లచ్చయ్యపేట రైతు విషయమున ఈ తర్కము తలక్రిందులగుచున్నది. బ్యాంకు తన ఋణగ్రస్తుని తాను ఎన్నుకొనును. బాలెన్సుషీటు చూచి, తాకట్టు పుచ్చుకొని, వడ్డీ నిర్ణయించి ఇచ్చును. ఇష్టము లేకున్న మానుకొనును. చెఱకు రైతునకు ఆ స్వేచ్ఛ ఎక్కడిది? ఏ యే గ్రామముల చెఱకు ఏ కర్మాగారమునకు పోవలెనో 1961 నాటి మన రాష్ట్ర చెఱకు చట్టము క్రింద జోన్ల ఏర్పాటు నిర్ణయించుచున్నది. కర్మాగారము కటింగ్ ఆర్డరు ఇచ్చిననాడే నరుకవలెను. నరికిన చెఱకు ఎండలో పడియున్నకొలది తూకమును, రసమును కోల్పోవును. మంచి ధర వచ్చువఱకు ధాన్యమువలె గాదెలో దాచుకొనుటకు వీలులేదు. ప్రభుత్వమే గీచిన గీతలోపల, ప్రభుత్వమే నిర్ణయించిన ధరకు, ఇష్టానిష్టములతో నిమిత్తము లేక అప్పిచ్చినవానిని సాధారణ సరఫరాదారునితో సమానముగా చూచుట న్యాయమనిపించుకొనదు.

1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తరువు ఈ భేదమును ఏనాడో గుర్తించినది. చెఱకు అందిన పదునాలుగు దినములలో సొమ్ము చెల్లింపవలెను, తప్పినచో సాలునకు 15 శాతము వడ్డీ ఇవ్వవలెను, అప్పటికిని చెల్లింపనిచో భూమిశిస్తు బకాయివలె వసూలు చేయవచ్చును అని అది శాసించినది. దశాబ్దములుగా అమలులోనున్న ఆ రక్షణమును 2016 నాటి స్మృతి తన 238వ సెక్షను చేత, అనగా ఏ ఇతర చట్టము ఏమి చెప్పినను తన మాటయే చెల్లునను నిబంధన చేత, ఒక్క పెట్టున మఱుగుపఱచినది. ఇది శాసనకర్తల దురుద్దేశమని నేననను. బ్యాంకుల మొండిబకాయిల భయము దేశమును పట్టి కుదిపివేయుచున్న కాలమున వ్రాయబడిన చట్టమగుటచే, వారి దృష్టి పెద్ద ఉక్కు కర్మాగారములపైనను, విద్యుత్కేంద్రములపైనను నిలిచినది. బొబ్బిలి, సీతానగరముల గానుగ గట్ల వైపు ప్రసరింపలేదు.

దృష్టి మరలించినచో చట్టమును మార్చుట అసాధ్యము కాదనుటకు ప్రబల నిదర్శనము గృహ కొనుగోలుదారులది. బిల్డరునకు సొమ్ము కట్టి ఇల్లు దక్కని మధ్యతరగతి కుటుంబీకులు తొలుత ఈ స్మృతిలో ఏ తరగతికిని చెందనివారై గుమ్మముల వెంట తిరిగిరి. వారు కట్టిన సొమ్ముతోనే నిర్మాణము నడచుచున్నది గనుక వారును సంస్థకు పెట్టుబడి సమకూర్చినవారేయని గుర్తించి, 2018 జూన్‌లో ఆర్డినెన్సు ద్వారా వారిని ఆర్థిక రుణదాతల పంక్తిలో చేర్చిరి. 2019 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానమును దానిని నిలబెట్టినది. వారి తరఫున, పరిష్కారమును నిర్ణయించు రుణదాతల కమిటీలో కూర్చుండుటకు ఒక అధీకృత ప్రతినిధిని నియమించు పద్ధతియు ఏర్పడినది. క్రషింగ్ మొదలైన నాటినుండి చక్కెర అమ్ముడుపోవు వఱకు నెలల తరబడి కర్మాగారమును నడపు మూలధనము రైతుల చెఱకే కాదా? బిల్డరునకు కొనుగోలుదారుడు ఎంతటి పెట్టుబడిదారుడో చక్కెర కర్మాగారమునకు చెఱకు రైతు అంతటివాడే. ఒకరికి కమిటీలో ఆసనము, మఱియొకరికి ఆఱవ మెట్టు. మొత్తము బాకీలో పదియవ వంతుకైన తూగినప్పుడే నిర్వహణ రుణదాతల ప్రతినిధి కమిటీ సమావేశమునకు రావచ్చును. వచ్చినను ఓటు లేదు.

ఇక కార్మికుల మాట. నెల్లిమర్ల, బొబ్బిలి, సాలూరు, విజయనగరముల జనపనార మిల్లులు స్వాతంత్ర్యానంతరము ఎన్ని మారులు లాకౌటు ప్రకటించి ఎన్ని మారులు తెఱచినవో లెక్కించుట ఆ ప్రాంతపు వృద్ధులకే కష్టము. భీమునిపట్నము చెంతనున్న చిట్టివలస మిల్లు 2009లో లాకౌటైనది. మన గోగునారను నమ్ముకొన్న ఈ పరిశ్రమ పూర్తిగ చావదు, పూర్తిగ బ్రతుకదు. గేటునకు నోటీసు అంటించియుండును, కార్మికుడు చెన్నపట్టణమునకో, హైదరాబాదునకో కూలికి పోవును. ఇట్టి చోట కార్మికుడే ట్రిబ్యునల్ తలుపు తట్టవచ్చునా అను ప్రశ్నకు 2019 ఏప్రిల్ 30న ఉత్తమమైన సమాధానము లభించినది. కాన్పూరులోని జె.కె. జనపనార మిల్లు కార్మిక సంఘము వేసిన వ్యాజ్యమున, వేలాది కార్మికులు వేర్వేఱుగ అర్జీలు పెట్టుకొననక్కఱలేదు, వారి పక్షమున రిజిస్టరైన కార్మిక సంఘమే నిర్వహణ రుణదాతగా అర్జీ వేయవచ్చునని సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించినది. మన జిల్లాల కార్మిక నాయకులలో ఎందఱు ఈ తీర్పును చదివిరో నాకు సందేహమే. 2020 మార్చిలో అర్జీకి కావలసిన కనీస బాకీని లక్ష రూపాయలనుండి కోటికి పెంచిన పిమ్మట, ఒంటరి కార్మికునకు ఆ ద్వారము మూసికొనిపోయినది. సంఘమునకు మాత్రమే తెఱచియున్నది.

అయితే ఇందొక చిక్కున్నది. కార్మికునకు రెండవ మెట్టుపై దక్కు ప్రాధాన్యము లిక్విడేషను (సంస్థను అమ్మి పంచు) ఉత్తరువు నాటికి ముందున్న ఇరువదినాలుగు నెలలకు మాత్రమే పరిమితము. లాకౌటై పదేండ్లు గడచిన మిల్లు విషయమున ఆ ఇరువదినాలుగు నెలలు పనియే లేని నెలలు. అంతకు పూర్వమున్న అసలైన బకాయి అడుగు మెట్లకు జాఱిపోవునని వాదించుటకు ఎడమున్నది. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ సొమ్ము మాత్రము లిక్విడేషను ఆస్తిలో భాగము కాదని 36వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల వ్యాజ్యమున 2022 అక్టోబరులో అప్పిలేటు ట్రిబ్యునల్ ఈ హక్కును బలపఱచగా, సర్వోన్నత న్యాయస్థానము అందు జోక్యము చేసికొనలేదు. కనుక మూతపడిన మిల్లు కార్మికుడు జీతపు బకాయికంటె ముందుగ తన పి.ఎఫ్., గ్రాట్యుటీ లెక్కలను పదిలపఱచుకొనుట మేలు.

ఇక జామీను విషయమై మన జిల్లాలో పుట్టిన సంస్థ పేరుతోనే ఒక ధర్మసూత్రము నిలిచియున్నదని చాలమందికి తెలియదు. గరివిడి శ్రీరామ్‌నగర్‌లో 1950ల నడుమ పుట్టిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్, అనగా జనులు ఫేకర్ అని వాడుకగా పిలుచు సంస్థ, తరువాతి కాలమున మూడుగ విడిపోగా, గరివిడి కర్మాగారము ఒక సంస్థకును, ఒడిశాలోని క్రోము కర్మాగారమును మూలసంస్థ పేరును మఱియొకదానికిని దక్కినవి. ఆ మూలసంస్థ, ఫేకర్ పవర్ అను తన అనుబంధ విద్యుత్ సంస్థ గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్‌నుండి తెచ్చిన ఐదువందల కోట్లకు పైబడిన అప్పునకు హామీ నిలిచినది. అసలు బాకీదారుని వదలి హామీదారుపైననే 2017లో దివాలా ప్రక్రియ మొదలైనది. ముందు అసలువానిని అడుగకుండ జామీనుదారుని పట్టుకొనవచ్చునా యని వాదింపగా, పట్టుకొనవచ్చునని 2019 జనవరిలో అప్పిలేటు ట్రిబ్యునల్ చెప్పినది. ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానమును దానినే నిలిపినది. తుదకు 2020లో ఆ సంస్థ వేదాంతవారి వశమైనది.

గరివిడిలో పుట్టిన సంస్థ పేరుతో నిలిచిన ఈ సూత్రము నేడు రాజాములోని రైసు మిల్లు యజమాని ఇంటివఱకు వచ్చినది. కంపెనీ అప్పునకు వ్యక్తిగత హామీ యిచ్చినవారిపై దివాలా ప్రక్రియను 2019 డిసెంబరు 1 నుండి అమలు చేసిరి. అది చెల్లునని 2021 మే 21న సర్వోన్నత న్యాయస్థానము తీర్పిచ్చినది. కంపెనీ పరిష్కారమై క్రొత్తవాని చేతికి పోయినంతమాత్రమున జామీనుదారు ఋణవిముక్తుడు కాడు. మన ప్రాంతమున మిల్లు పెట్టిన ప్రతివాడును తన భార్య చేతను, అన్నదమ్ముల చేతను బ్యాంకు కాగితములపై సంతకములు చేయించును. ఆ సంతకము పెట్టువారు ఏ మెట్టుపై నిలిచి పెట్టుచున్నారో బ్యాంకు మేనేజరుగాని, ఆడిటరుగాని వారికి చెప్పుట నేను ఎఱుగను. చెప్పవలసినదని నా అభిప్రాయము.

కంపెనీ కానివారి సంగతి మఱింత దైన్యము. పలాస–కాశీబుగ్గ జీడిపప్పు బట్టీలు, పట్టణములలోని చిన్న వ్యాపారములు చాలమట్టుకు సొంతపేర్లతోనో, భాగస్వామ్యములతోనో నడచునవి. వీరికొఱకు స్మృతిలోని మూడవ భాగము వ్రాయబడినదేకాని నేటికిని పూర్తిగ అమలులోనికి తేబడలేదు. కనుక జీడిగింజల ధర తలక్రిందులై నిలువునా మునిగినవాడు నేడును 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము క్రింద కోర్టులో ఐ.పి. వేయవలసినదే. ఆ శాసనము దివాలాదారును నేరస్థునివలె చూచునేకాని, అతడు మరల వ్యాపారము చేసికొనుటకు తోవ చూపదు. చిన్న కంపెనీలకు 2021లో ప్రీ-ప్యాకేజ్డ్ పద్ధతిని ప్రవేశపెట్టి, యజమానినే నిర్వహణములో ఉంచి 120 దినములలో ముగించునట్లు ఏర్పఱచిరి. దానిని ఉపయోగించుకొన్న సంస్థలు దేశమంతటిలోను స్వల్పమే. సహకార చక్కెర కర్మాగారములు మఱియొక లోకము. ఆమదాలవలస కర్మాగారము మూతపడి రెండు దశాబ్దములు దాటినది, జామి మండలపు భీమసింగి విజయరామ గజపతి కర్మాగారమును ఆగిపోయినది. సహకార చట్టముల క్రిందనున్న వీటి భవిష్యత్తు ట్రిబ్యునల్ చేతిలో లేదు, ప్రతి ఎన్నికలలోను తెఱిపింతుమను వాగ్దానముల చేతిలోనున్నది. ఇప్పుడు ఈ ప్రాంతపు చెఱకునకు సంకిలిలోని ప్యారీ కర్మాగారమే పెద్ద దిక్కు.

వృత్తినిపుణులను గూర్చియు ఒక మాట చెప్పక తప్పదు. పరిష్కార నిపుణుడు సాధారణముగా చార్టర్డ్ అకౌంటెంటో, కంపెనీ సెక్రటరీయో, న్యాయవాదియో అయి, పరీక్ష నెగ్గి, 2016 అక్టోబరులో ఏర్పడిన దివాలా బోర్డు వద్ద నమోదైనవాడు. అతడు కార్యభారము వహించిన నాటినుండి మూడు దినములలో ఒక ఆంగ్ల పత్రికలోను ఒక ప్రాంతీయ పత్రికలోను ప్రకటన ఇచ్చును. క్లెయిములకు పదునాలుగు దినముల గడువు పెట్టును. ఆ ప్రకటన పత్రికలో చిన్న అక్షరములతో ఒక మూల పడియుండును. వీరఘట్టము రైతు ఆ పుట తిప్పి చూచునా? చూచినను, ఈమెయిలు ద్వారా పంపవలసిన ఆంగ్ల ఫారమును, అఫిడవిట్టును, తూకపు చీట్లను పదునాలుగు దినములలో సమకూర్చుకొనగలడా? హైదరాబాదులోనో, ఇంకను దూరముననో కూర్చున్న నిపుణుడు దుష్టుడు కానక్కఱలేదు; అతనికి కమిటీయే యజమాని, కమిటీ యనగా బ్యాంకులు, అతని ఫీజు నిర్ణయించునది వారే. అట్టివాని చూపు పల్లెవైపు తిరుగవలెనన్నచో అతని సద్భావము చాలదు, నియమము కావలయును. చెఱకు, పాలు, గోగునార, ధాన్యము వంటి పంటలను కొను సంస్థ దివాలాకు వచ్చినప్పుడు, ఆ సంస్థ స్వంత పుస్తకములలో రైతుల పేర్ల వెంట ఉన్న బకాయిలనే క్లెయిములుగా పరిగణించి, ఆ జాబితాను తెలుగులో ప్రతి గ్రామ సచివాలయములోను అంటించి, తప్పులున్నచో సరిచూచుకొనుటకు గడువిచ్చు బాధ్యత నిపుణునిపై మోపుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కర్మాగారపు కంప్యూటరులో ప్రతి రైతు టన్నేజీ లెక్క ఉండనే ఉన్నది.

2025 ఆగస్టు 12న లోక్‌సభలో ప్రవేశపెట్టబడిన సవరణ బిల్లులో మంచి అంశములు లేకపోలేదు. ట్రిబ్యునల్ గోడల వెలుపల రుణదాతలే ప్రక్రియ మొదలుపెట్టు పద్ధతి, ఒకే కుటుంబపు సంస్థలను కలిపి పరిష్కరించుట, దేశాంతర ఆస్తుల విషయము అందు చేర్చిరి. పన్నుల బకాయికి తాకట్టు హోదా గలదని 2022 సెప్టెంబరులో రెయిన్‌బో పేపర్స్ తీర్పు రేపిన గందరగోళమును తొలగించుటకై, ఒప్పందము ద్వారా ఏర్పడినదే తాకట్టు యని స్పష్టపఱచిరి. ప్రభుత్వ బకాయి ఏ మెట్టుపై నిలువవలెనో ఇంత శ్రద్ధతో ఆలోచించినవారు చెఱకు బకాయిని గూర్చి ఒక్క వాక్యమైనను వ్రాయకుండుట నాకు బాధ కలిగించినది. కావలసినది పెద్ద మార్పు కాదు. చెఱకు నియంత్రణ ఉత్తరువు క్రింద రైతునకు చెల్లవలసిన సొమ్మును 53వ సెక్షనులో కార్మికుల బకాయితో సమాన స్థాయిలో చేర్చవలెను; కార్మిక సంఘమునకు దక్కిన అర్జీ హక్కును రైతు సంఘమునకును ఇవ్వవలెను; గృహ కొనుగోలుదారులకువలె కమిటీలో ఓటు గల ప్రతినిధిని నియమింపవలెను. బ్యాంకులకు దీనివలన కొంత తగ్గునని ఆక్షేపణ రావచ్చును. తగ్గును, నిజమే. కాని తన వాటా కొంత తగ్గగలదని ముందే తెలిసిన బ్యాంకు, చెఱకు బకాయిలు పేరుకొనుచున్న కర్మాగారమునకు మఱల మఱల అప్పు పొడిగించుటకు ముందు రైతుల లెక్కను అడిగిచూచును. ఆ ఒక్క ప్రశ్నయే రైతునకు గొప్ప రక్షణ.

ఇది పార్లమెంటు చేయవలసిన పని గనుక, శ్రీకాకుళము, విజయనగరము, అరకు లోక్‌సభ నియోజకవర్గముల సభ్యులు ముగ్గురును పక్షభేదములు మాని ఈ సవరణను కలసి కోరవలయునని నా ప్రార్థన. అంతవఱకు చెఱకు పండించు పాఠకులకు నా సలహా ఒక్కటి. ప్రతి సీజనులోను తూకపు చీటిని, కటింగ్ ఆర్డరును, బ్యాంకు పాసుపుస్తకమును ఒకచోట భద్రపఱచుకొనుడు. మీ గ్రామమునందలి రైతులందఱు కలసి సంఘమును రిజిస్టరు చేయించుకొనుడు. పదునాలుగు దినములు గడచినను సొమ్ము రానిచో పదునైదవ దినముననే, ట్రిబ్యునల్ తలుపు మఱొకరు తట్టకముందే, కలెక్టరుగారికి రాతపూర్వకముగా అర్జీ యిచ్చి రశీదు పుచ్చుకొనుడు.